మనస్సు రాని పని

మా యింట ఒక సాయంకాలము జరిగిన చిన్న సంగతి నన్ను అనేక దినములు ఆలోచింపజేసినది. ఏడవ తరగతి చదువుచున్న మా మనుమరాలు బడి బస్సు దిగి వచ్చి, పుస్తకాల సంచిని నులకమంచము మీద పడవేసి, అరుగు మీద కూర్చుండి వీధివైపు చూచుచుండెను. దీపాలవేళయైనది. సంచి అట్లే పడియున్నది.

"హోంవర్కు లేదా అమ్మా?" అని అడిగితిని.

"ఉంది తాతయ్యా. మనసు రావడం లేదు."

"మనసు రాకపోతే మానేస్తారా? లే, లేచి చేసుకో."

ఆమె నా ముఖము వైపు చూచి, "మనసు లేకుండా చేసేదంతా వట్టి వేషమేనని మొన్న ఆదివారం నువ్వే గదా చెప్పావు!" అనెను.

నాకు మాట రాలేదు. నిజమే, చెప్పితిని. పెదవులతో ప్రార్థించుచు హృదయమును పొలము గట్టున విడిచివచ్చువారిని గూర్చి చెప్పితిని. ఆ మాట తిరిగివచ్చి నా గడపలోనే నిలుచునని అనుకొనలేదు. ఆ రాత్రి ఆమె సంచి విప్పకయే నిద్రపోయినది. మరునాడు బస్సులో ప్రక్క పిల్ల పుస్తకము చూచి లెక్కలన్నియు ఎక్కించుకొన్నదని తరువాత తెలిసినది.

పిల్ల ప్రశ్నను కసరి కొట్టివేయవచ్చును. పెద్దవారము గనుక అది మనకు సులభము. అయితే ఆ ప్రశ్నలో న్యాయమున్నది. ఇష్టము లేకుండ చేసిన పనికి విలువ యున్నదా? ఉన్నయెడల, హృదయము లేని ఆచారమును మనమెందుకు తప్పుపట్టుచున్నాము?

నాకు తోచినది వ్రాయుచున్నాను. వేషమనగా తనయందు లేనిదానిని ఉన్నట్టు ఇతరులకు చూపుట. "నాకిది ఇష్టము లేదు" అని ఒప్పుకొని, అయినను కూర్చుండి లెక్క చేసిన పిల్ల ఎవరిని మోసగించినది? ఎవరినీ కాదు. బస్సులో చూచి వ్రాసిన పిల్లయో, తాను చేయని పనిని చేసినట్టు ఉపాధ్యాయునికి చూపినది. వేషము అక్కడ నున్నది. పైగా చూచి వ్రాయునప్పుడు ఆమెకు మనస్సు కావలసినంత యుండెను! బస్సు బడికి చేరకముందే ముగించవలెనని ఎంత శ్రద్ధగా వ్రాసియుండునో. కాబట్టి మనస్సు ఉన్నంత మాత్రమున పని నిజమైనది కాదు, మనస్సు లేనంత మాత్రమున అబద్ధమైనదియు కాదు.

ఇది చెప్పుటకు నాకు హక్కు ఎక్కడిదందురేమో. నేను ఆరవ తరగతిలో నున్నప్పుడు మా ఊరికి కరెంటు రాలేదు. లాంతరు వెలుతురున చదువుకొనువారము. ఒకనాడు గోలీల ఆటలో పడి లెక్కలు చేయక, మరునాడు బడిలో "కిరసనాయిలు అయిపోయిందండీ" అని చెప్పితిని. మా మాష్టారు నన్నేమియు అనలేదు. ఆ సాయంకాలము ఆయనే ఒక సీసాలో నూనె పోయించుకొని మా యింటికి వచ్చెను. మా అమ్మ ఆశ్చర్యపడి, "మా ఇంట్లో నూనె ఉంది గదండీ!" అనెను. నేను గాదె చాటున నిలువబడి వినుచుంటిని. ఆయన నా వైపు ఒకసారి చూచి, సీసా అక్కడనే పెట్టి వెళ్లిపోయెను. మరునాడు తరగతిలో ఆ సంగతి ఎత్తలేదు. బెత్తము దెబ్బలు ఎన్ని తిన్నానో మరచితిని గాని, ఆ సీసా నేటికిని కన్నులకు కట్టినట్లున్నది. మానిన పాఠమునకు పెద్ద శిక్ష ఉండకపోవచ్చును. దానిని కప్పుటకు తెచ్చుకొన్న అబద్ధమే నన్ను గాదె చాటున నిలువబెట్టినది.

అయితే మన పిల్లల పక్షముగా కూడ ఒక మాట చెప్పవలెను. ఉదయము ఏడున్నరకు బస్సెక్కిన పిల్ల సాయంకాలము వాడిన తోటకూర కాడవలె ఇల్లు చేరుచున్నది. అలసట పాపము కాదు. మన కేంద్ర విద్యామంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన పుస్తకాల సంచి విధానము ప్రకారము రెండవ తరగతి వరకు హోంవర్కు ఇయ్యరాదు. మూడు నుండి ఐదు తరగతులకు వారమునకు రెండు గంటలకు మించరాదు. ఆరు నుండి ఎనిమిది తరగతులకు దినమునకు ఒక గంట చాలును. దీనిని చదివినప్పుడు, రాత్రి పదింటి వరకు పలకలు పట్టించు బడిని మంచి బడియని పొగడు మన తలిదండ్రులను తలంచి నవ్వుకొంటిని. ఇంటికి వచ్చిన బిడ్డకు ముందు ఇంత తినబెట్టి, కొంతసేపు ఆడుకొననిచ్చి, తరువాత పుస్తకము మాట ఎత్తుట మంచిది. ఒక ప్రక్క టీవీలో సీరియలు మ్రోగుచుండగా, తండ్రి సెల్‌ఫోను చూచుకొనుచుండగా, పిల్ల ఒక్కతె మాత్రము ఋషివలె కూర్చుండవలెననుట ఏమి న్యాయము?

ఇవన్నియు సరిచేసినను, మనస్సు దానంతట అది వచ్చునని నేను చెప్పజాలను. ఏరువాక దినమున మా తండ్రి దుక్కికి వెళ్లునప్పుడు నేనును వెంబడించుచుంటిని. వేసవి యంతయు పాకలో నున్న ఎడ్లు కాడి క్రిందికి మెడ పెట్టుటకు మొరాయించును. మొదటి సాలు వంకరపోవును. మా తండ్రి దానిని చూచి విసుగుకొనడు. "రెండు చుట్లు తిరగనీ" అనును. నిజముగా రెండు చుట్లు తిరిగినపిమ్మట ఎడ్లకు అడుగు కుదురును, మేడి పట్టిన చేతికిని కుదురును. ఇష్టము పుట్టిన పిమ్మట దున్నుదమని కూర్చున్నయెడల ఆ పొలము బీడే గదా.

గ్రీకు దేశపు జ్ఞానియైన అరిస్టాటిల్ సుమారు 2,300 సంవత్సరముల క్రిందట ఈ సంగతినే బోధించెను. ఇల్లు కట్టుచు కట్టుచు మనుష్యుడు కట్టువాడగును. న్యాయమైన పనులు చేయుచు చేయుచు న్యాయవంతుడగును. ముందు గుణము వచ్చి తరువాత పని వచ్చుట కాదు. విలియమ్ జేమ్స్ అను అమెరికా దేశపు పండితుడు 1890లో ప్రకటించిన మనశ్శాస్త్ర గ్రంథములో, మనకు ఇష్టము లేదన్న ఒక్క కారణము చేతనే ప్రతిదినము ఒక చిన్న పని చేయుచుండుడని సలహా యిచ్చెను. నాకు ఇది కొంచెము కఠినముగా తోచినది గాని, తీసివేయదగినది కాదు.

పండితుల మాట అటుంచి, ద్రాక్షతోటకు వెళ్లుమని తండ్రి చెప్పిన ఇద్దరు కుమారుల కథ మీరెరిగినదే. ఒకడు పోనని చెప్పి, తరువాత మనస్సు మార్చుకొని పోయెను. రెండవవాడు మర్యాదగా పోవుదునని చెప్పి పోలేదు. మొదటివాడు తోటలోనికి అడుగుపెట్టునప్పుడు పాడుచు వెళ్లెనని ఆ కథలో లేదు. అతని ముఖము ముడుచుకొనియే యుండెనేమో! అయినను తండ్రి చిత్తము చేసినవాడు అతడే.

ఈ ఆలోచనలన్నియు కూడుకొనుటకు నాకు వారము పట్టినది. ఒక సాయంకాలము మనుమరాలిని పిలిచి, "మొన్న నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను" అంటిని. గాదె చాటు సంగతితో సహా చెప్పితిని. ఆమె నూనె సీసా దగ్గర నవ్వి, వెంటనే నవ్వు ఆపుకొన్నది. "అయితే మనసు రాకపోయినా ఒక్క లెక్క చెయ్యమంటావు, అంతేనా?" అనెను.

"ఒక్కటే చెయ్యి. తరవాత చూద్దాం."

"మరి నీ హోంవర్కు?"

ఆమె చూపు వెళ్లినచోట గూటిలో మా పాల సంఘము జమాఖర్చుల పుస్తకము ఉన్నది. మూడు వారములనుండి రేపు రేపని దానిని ముట్టలేదు. పిల్ల చూడలేదనుకొంటిని.

ఇద్దరము చాప పరచుకొని కూర్చుంటిమి. టీవీ ఆపినందుకు మా కోడలు కొంచెము గొణిగినది గాని, తానును చిక్కుడుకాయలు ఒలుచుకొనుచు వచ్చి మా ప్రక్కనే కూర్చున్నది. మనుమరాలు ఒక్క లెక్కతో లేవలేదు, నాలుగు చేసినది. ఐదవదానికి ఆవులింత వచ్చి మానినది. నా లెక్కలో అరువది రూపాయల తేడా వచ్చినది. మూడుసార్లు కూడినను దొరకలేదు. ఆమె నా భుజము మీదుగా వంగి చూచి, రెండవ వారములో ఏడును ఒకటిగా చదువుకొన్న చోటు వ్రేలితో చూపినది.