‘మన అమ్మాయి’ ఎవరి అమ్మాయి?

2024 జూలైలో ఒక పొద్దున్నే తణుకు నుంచి మా చెల్లెలి వియ్యపురాలు ఫోన్ చేశారు. “వదినగారూ, టీవీ చూశారా? ట్రంపు తన పక్కన నిలబెట్టుకున్నాయన భార్య మన అమ్మాయేనట! మన వడ్లూరు పిల్ల!” ఆవిడ సంతోషం చూస్తే వాళ్ళింట్లోనే ఎవరికో కలెక్టరు ఉద్యోగం వచ్చిందనుకోవాలి. నేను “అలాగా” అన్నాను. అందులోని చప్పదనం ఆవిడకి తెలిసిపోయింది. “మీకిలాంటివి నచ్చవులెండి” అని పెట్టేశారు.

ఆ ‘అలాగా’ గురించే నాకు చెప్పుకోవాలని ఉంది. నేననుకున్నంత నిజాయితీ అందులో లేదని తర్వాత అర్థమైంది.

వడ్లూరు తణుకు పక్కనే. ఉషా చిలుకూరి పూర్వీకుల వూరు. ముత్తాతల కాలంలోనే ఆ కుటుంబం వూరు వదిలింది. తాతగారు మద్రాసు ఐ.ఐ.టి.లో పాఠాలు చెప్పారు. తల్లిదండ్రులు అమెరికా వెళ్ళి అక్కడే అధ్యాపకులయ్యారు. ఆమె 1986లో శాన్ డియాగోలో పుట్టింది. యేల్, కేంబ్రిడ్జి, మళ్ళీ యేల్‌లో లా, ఆ తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ దగ్గర పని. వాళ్ళ బంధువే చిలుకూరి శాంతమ్మగారు, తొంభై దాటాక కూడా క్లాసుకెళ్ళి ఫిజిక్స్ చెప్పిన మనిషి. గర్వపడాల్సి వస్తే నేను ఆవిణ్ణి చూసి గర్వపడతాను. కానీ ఆ వారం టీవీవాళ్ళు ఆవిడ ఇంటికి పరిగెత్తింది ఫిజిక్స్ గురించి అడగడానికి కాదు.

జూలై 17 రాత్రి మిల్వాకీ సభలో ఉష తన భర్తని పరిచయం చేసింది. ఆయన తన కోసం శాకాహారానికి అలవాటుపడ్డాడనీ, తన తల్లి దగ్గర మన వంటలు నేర్చుకున్నాడనీ చెప్పింది. వదినగారికి ఈ ముక్క ఎంత నచ్చిందో! అత్తగారి దగ్గర గరిటె పట్టిన అల్లుడు మన జిల్లాల్లో ఎక్కడ దొరుకుతాడు? అదే రాత్రి, అదే హాల్లో, జనం చేతుల్లో అట్టలున్నాయి, వలసవచ్చిన వాళ్ళని మూకుమ్మడిగా బయటికి పంపేయాలని, ఇప్పుడే పంపేయాలని. ఆ అట్టలు వదినగారికి కనపడలేదు. ఈ సంగతి నేను రాజమండ్రిలో మా స్నేహితురాలికి ఎగతాళిగా చెప్పాను. ఆమె నాతోపాటు కాలేజీలో తెలుగు చెప్పింది. అమలాపురం దగ్గర వూరు, దళిత స్త్రీ. నా ఎగతాళి అంతా విని, “2008లో మీకు ఏ అట్టలు కనపడలేదు అక్కా?” అంది.

పదహారేళ్ళ నాటి మాట ఆమె మర్చిపోలేదు. నేను మర్చిపోయాను.

2008లో డెమొక్రాట్ల ప్రైమరీల్లో హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా నెలల తరబడి నువ్వా నేనా అని పోటీపడ్డారు. మా ఇంట్లో నెలకోసారి కలిసే నలుగురైదుగురు ఆడవాళ్ళం దాని గురించి పొట్లాడుకునేవాళ్ళం. మనకి ఓటు లేని ఎన్నిక మీద గోదావరి ఒడ్డున కూర్చుని అంత ఆవేశం ఎందుకని ఇప్పుడు నవ్వొస్తుంది. గ్లోరియా స్టైనమ్ జనవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో రాసింది, అమెరికాలో మనిషిని అన్నిటికన్నా ఎక్కువ కట్టిపడేసేది బహుశా జెండరేనని. నల్లజాతి పురుషులకి ఏ జాతి స్త్రీలకన్నానైనా అర్ధశతాబ్దం ముందే ఓటు హక్కు వచ్చిందని గుర్తుచేసింది. నేనా వ్యాసాన్ని ఫొటోకాపీలు తీయించి పంచాను. నా స్నేహితురాలు చదివి ఒకే ప్రశ్న వేసింది: “1920లో ఓటు వచ్చిన ఆ ‘స్త్రీ’లలో దక్షిణాది రాష్ట్రాల నల్ల స్త్రీ ఉందా?” లేదు. ఆమెకి ఓటు నిజంగా చేతికి అందడానికి 1965 దాకా పట్టింది. 1870లో ఓటు వచ్చిందన్న నల్ల పురుషుడి గతీ అక్కడ అంతే. ఆ లెక్క నాకు తెలుసు. పొలిటికల్ సైన్స్ పాఠంగా ఏటేటా చెప్పిన దాన్నే. అయినా ఆ రోజు తట్టలేదు.

మా గదిలో జరిగింది అప్పటికే మనకి జరిగిపోయిన గొడవే. ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది, ఆ తర్వాత ‘నల్లపొద్దు’. ‘స్త్రీలు’ అన్న మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు అని దళిత స్త్రీలు అడిగిన ప్రశ్నలకి తలూపి, వ్యాసాల్లో రాసుకుని, అమెరికా ఎన్నిక వచ్చేసరికి హాయిగా పాత చోటికే వెళ్ళిపోయాను. అక్కడ కింబర్లీ క్రెన్‌షా లాంటివాళ్ళు, హిల్లరీని బలపరచకపోతే స్త్రీవాదులే కాదన్న ధోరణిని అదే ఫిబ్రవరిలో గట్టిగా కాదన్నారు. టోనీ మారిసన్ ఒబామాకి మద్దతు తెలుపుతూ రాసిన ఉత్తరంలో, నువ్వు నల్లవాడివైనంత మాత్రాననో, నాకు గర్వంగా ఉంటుందనో నేను నిన్ను బలపరచను అనే అర్థంలో రాసింది. గర్వాన్ని అంత సూటిగా పక్కన పెట్టడం చూసి నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ ఆగస్టులో రిపబ్లికన్లు సారా పేలిన్‌ని మెకెయిన్‌కి రన్నింగ్ మేట్‌గా తెచ్చి నిలబెట్టారు. ఆడమనిషే కదా మీక్కావలసింది, ఇదిగో అన్నట్టు. మేమంతా భగ్గుమన్నాం. నా స్నేహితురాలు మాత్రం, “మనమడిగిందే ఇచ్చారుగా!” అంది.

ఆ ‘మన’ దగ్గర ఆగాలి. ఇంగ్లీషులో ఒక్క ‘వుయ్’ ఉన్నచోట తెలుగులో మేము, మనం రెండున్నాయి. ‘మా అమ్మాయి’ అంటే వినేవాళ్ళు బయటే ఉంటారు, వాళ్ళ మీద ఏ బరువూ పడదు. ‘మన అమ్మాయి’ అనగానే మనం ఒప్పుకున్నా లేకున్నా లోపలికి లాగేస్తారు. ఆ ఫోన్లో వదినగారు నన్ను అడగకుండానే లాగేశారు. ఇంకో సంగతి ఉంది. మన దగ్గర సంబంధాలు మాట్లాడేటప్పుడూ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడూ “మనవాళ్ళేనా?” అని అడుగుతారు. కులం పేరెత్తకుండా కులం అడిగే పద్ధతి. అంటే ఇంత ఆప్యాయంగా వినపడే మాటలోనే గుమ్మమూ ఉంది, గుమ్మానికి గడియా ఉంది. వదినగారి కులం వేరు, చిలుకూరి వారి కులం వేరు. ఆ పెళ్ళి సంబంధం వదినగారింట్లో ఎవరూ కలలో కూడా అనుకోరు. అయినా వాషింగ్టన్‌కి వెళ్ళేసరికి ‘మన’ అంతదాకా సాగింది. సాగుతుందన్నమాట, కావాలంటే.

ఎటు సాగదో నా స్నేహితురాలికి తెలుసు. 2022 మే 24న అమలాపురంలో ఆమె చెల్లెలి కుటుంబం తలుపులు వేసుకుని కూర్చుంది. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతారన్నందుకు మంత్రి విశ్వరూప్ ఇంటికీ, ఒక ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టిన రోజది. పేరు ఒకటి జిల్లా పేరు పక్కన చేరితేనే ‘మన కోనసీమ’ కాకుండా పోతుందనుకున్న నేల ఇది. “వడ్లూరు అమ్మాయి మీ అందరికీ మన అమ్మాయి. నేనిక్కడే, గోదావరి నీళ్ళే తాగి పెరిగాను. నేను ఎవరి అమ్మాయిని?” అని ఆమె అడిగినప్పుడు నేను వాదించలేదు.

నేనేమన్నా తక్కువా? జూలై 21న బైడెన్ తప్పుకున్నాడు. ప్రైమరీల్లో ఒక్క పోటీ కూడా ఎదుర్కోకుండానే కమలా హారిస్ అభ్యర్థి అయింది. నాకు ఒళ్ళు పులకరించింది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒంటరిగా బర్క్‌లీ వెళ్ళిన శ్యామలా గోపాలన్ కూతురు! తమిళనాడులో ఆమె తాతగారి వూరు తులసేంద్రపురంలో పూజలు చేస్తుంటే మురిసిపోయాను, వడ్లూరు గుళ్ళో పూజలకి మాత్రం నవ్వాను. ఆగస్టులో ఆమె పార్టీ మహాసభలో, గాజా గురించి చెప్పుకోవడానికి ఒక్క పాలస్తీనా అమెరికన్‌కి వేదిక ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. అది చదివి పేజీ తిప్పేశాను. అట్టలు కనపడకపోవడమంటే ఇదే.

రన్నింగ్ మేట్ అన్నది గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. అసలు గుర్రానికి ఊపు ఇవ్వడానికి పక్కన పరిగెత్తించే గుర్రం. వాన్స్ ట్రంపుకి రన్నింగ్ మేట్. మరి వాన్స్‌కి? అతని పేరు ప్రకటించిన రోజే ఉష లా ఫర్మ్ ఉద్యోగం వదిలేసింది. పిల్లుల్ని పెంచుకుంటూ బతికే పిల్లల్లేని ఆడవాళ్ళు దేశాన్ని ఏలుతున్నారని అతను 2021లో అన్న మాట బయటికొస్తే, అదేదో చమత్కారమని టీవీలో సర్దిచెప్పింది. (నాకు పిల్లల్లేరు. పిల్లులూ లేవు.) ఆమె బలవంతాన వెళ్ళిందని నేననను. అంత చదివిన మనిషిని బాధితురాలిగా చూడడం ఇంకో రకం అవమానం. తెలిసి ఎంచుకుంది, ఆ ఎంపికకి జవాబుదారీ ఆమెదే.

ఇక్కడ రాజ్యలక్ష్మమ్మగారు గుర్తొస్తారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ దొరక్కపోతే, ఆవిడే గోదావరి నీళ్ళు మోసుకొచ్చి వండి పెట్టారు. వీరేశలింగంగారి పేరు ముందు నిలిచింది, ఆవిడ పేరు వెనక. భర్త పక్కన పరిగెత్తడం అని రెండిటినీ ఒకే గాట కట్టలేం. ఆవిడ బిందె మోసింది ఎవరి పెళ్ళికోసమో చూడాలి. వార్డు మెంబర్ల దగ్గర్నుంచి సర్పంచుల దాకా సగం సీట్లు ఆడవాళ్ళకిచ్చి మీటింగుకి మొగుళ్ళని పంపుకునే మనం ఇది ఎవరికో చెప్పక్కర్లేదు కూడా.

2025 జనవరి 20న ట్రంపు ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత అక్కడ పుట్టే బిడ్డకి పౌరసత్వం ఉండదని. మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. మొగుడిది హెచ్1బి, తనది అతని మీద ఆధారపడ్డ వీసా. అప్పుడు తనకి ఎనిమిదో నెల. రాత్రి పదకొండుకి ఫోన్ చేసింది. “పెద్దమ్మా, అత్తయ్యగారు సిద్ధాంతిగారితో ముహూర్తం పెట్టించారు. ఫిబ్రవరి పదిహేడున ఆపరేషన్ చేయించేసుకోమంటున్నారు. డాక్టరు ఒప్పుకోదేమో. ఒప్పుకున్నా నాకు భయంగా ఉంది.” నవంబరులో వడ్లూరు వెళ్ళి మన అమ్మాయి గెలవాలని కొబ్బరికాయలు కొట్టిన చేతులే ఆ ముహూర్తం కాగితాన్ని ఫొటో తీసి పంపాయి.

నాకు కోపం రావాలి. రాలేదు. ఆవిడ భయపడిపోయి ఉన్నారు. ఆవిడకి ఆ రెండిటి మధ్యా సంబంధమే కనపడలేదు. మన అమ్మాయి అక్కడుండగా మనకిలా ఎందుకు జరుగుతుంది, ఏదో పొరపాటై ఉంటుంది, అని నాతోనే అన్నారు. నేను చెప్పగలిగింది ఒక్కటే చెప్పాను: ఆ ఉత్తర్వుని సియాటిల్‌లో ఒక జడ్జి జనవరి 23నే ఆపాడు, ఆయన మనవాడు కాడు, మన వూరు పేరు వినుండడు. పిల్ల కడుపులో ఇంకో నెల ఉండనివ్వండి.

మార్చి మధ్యలో నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది.

ఏప్రిల్‌లో వాన్స్ దంపతులు పిల్లలతో మనదేశం వచ్చారు. ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసి వెళ్ళిపోయారు. వడ్లూరు రాలేదు. “చూశారా వదినగారూ, ఇంతదూరం వచ్చి పుట్టింటి గడప తొక్కలేదు” అన్నారు వియ్యపురాలు, పండక్కి రాని కూతుర్ని తలుచుకున్నట్టు. ఆ బాధ మీద నవ్వడం ఈసారి నా వల్ల కాలేదు. వస్తే ఏం చేసేవారని అడిగాను.

“చేసేదేముందండీ. చీర పెట్టి, భోజనం పెట్టేవాళ్ళం.”

“మన పిల్ల కాగితాల సంగతి అడిగేవారా?”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశారేమో అనుకున్నాను.

“విస్తరి ముందు కూర్చోబెట్టి అవన్నీ ఎలా అడుగుతామండీ” అన్నారు.