ఫార్వర్డ్ చేసినవాడు సాక్షి కాదా?



"నేను రాయలేదండీ, నాకొచ్చింది పంపానంతే." ఈ మాట మీరూ వినే ఉంటారు. పంపింది అబద్ధమని తేలాక మన గ్రూపుల్లో ఎవరో ఒకరు అనే మాట ఇది. అబద్ధం ఆడనని నాలుగో శీలం తీసుకున్నాం. బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అది ఉంది. మరి ఫార్వర్డ్ చేయడం మాట్లాడడం కిందికి వస్తుందా, రాదా?

ముందు ఈ సాధనం ఎలా పెరిగిందో చూడండి. 2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ మొదలైనప్పుడు ఏదైనా చెప్పాలంటే కూర్చుని టైపు చేయాల్సిందే. ఇంకొకరి మాట చెప్పాలన్నా కాపీ చేసి అతికించాలి. ఆ కాస్త పనిలో "ఇది నిజమేనా" అన్న అనుమానం రావడానికి చోటుండేది. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టింది, ట్విట్టర్ రీట్వీట్ బటన్ పెట్టింది, వాట్సాప్ పుట్టింది. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక ఫోన్ మన వాడవాడకూ చేరింది. ఇన్నేళ్ల ఎదుగుదలలో నాకు కనిపించే అసలు మార్పు ఒకటే. వినడానికీ చెప్పడానికీ మధ్య ఉండే ఆ కాస్త వ్యవధిని తీసేశారు. శీలం పనిచేసేది ఆ వ్యవధిలోనే కదా!

ఇంకో సంగతి. ఏ పోస్టు ముందు చూపాలో తేల్చే లెక్కలో 2017 నుంచి ఫేస్‌బుక్ లైక్‌కు ఒక మార్కు వేస్తే, కోపం బొమ్మకు ఐదు వేసింది. ప్రేమ బొమ్మకూ ఐదే వేసిందనుకోండి. కానీ కోపం బొమ్మలు ఎక్కువగా పడే పోస్టుల్లో తప్పుడు సమాచారం ఎక్కువగా ఉంటోందని వాళ్ల ఉద్యోగులే కనిపెట్టారు. 2020లో గానీ కోపం మార్కును సున్నా చేయలేదు. 2021లో కంపెనీ లోపలి కాగితాలు బయటికొచ్చాకే మనకీ సంగతి తెలిసింది. ద్వేషం సరుకైంది, లోభం కంపెనీది, మోహం మనది.

పుకారు కొత్తదేమీ కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వెంట మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగారు. అంతలో "వీళ్లు వీరేశ్వర ఆలయంలోకి కూడా దూరతారట" అని ఊళ్లో పుట్టింది. ఆ "అట" పట్టుకుని వచ్చి మనవాళ్లను కొట్టారు. పుట్టించినవాడు ఒకడో ఇద్దరో ఉంటారు. మిగతా ఊరంతా మోసినవాళ్లే. 2018 జూలై 1న అదే మహారాష్ట్రలో, ధూలే జిల్లా రైన్‌పాడాలో, భిక్షకు వచ్చిన సంచార జాతివాళ్లు ఐదుగురిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకుని జనం కొట్టి చంపారు. ఆ పుకారు వాట్సాప్‌లో తిరిగింది. అంతకు ముందు మే నెలలో హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ అలాంటి పుకారుకే బలైంది. ఎవరి మీద పడుతోందో గమనించారా? ఇల్లూ వాకిలీ, అండా లేనివాళ్ల మీదే.

ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా ఆపింది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన మెసేజి అయితే ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. అలాంటి మెసేజిలు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. ఇక్కడ కాస్త ఆగుదాం. ఎవరికీ బుద్ధి చెప్పలేదు, ఎవరినీ శిక్షించలేదు. వేలితో ఇంకోసారి నొక్కాల్సి వచ్చేసరికే ఇంత తగ్గాయంటే, అంతకు ముందు ఆ చేతుల్ని కదిలించింది ఏమిటి?

కమ్మకు మూలం చేతన అన్నాడు బుద్ధుడు. "అయితే నాకు చెడు చేతన లేదుగా" అంటారు మీరు. నిజమే, తెలిసి ఆడితేనే ముసావాదం. కానీ ఏమరుపాటును మాత్రం ఆయన వదిలిపెట్టలేదు. మహాపరినిబ్బానానికి ముందు చివరిసారిగా భిక్షువులకు చెప్పింది అప్పమాదం గురించే. సాక్ష్యానికి పిలిచినప్పుడు తెలియనిదాన్ని తెలియదనీ, చూడనిదాన్ని చూడలేదనీ చెప్పేవాడే అబద్ధం విడిచినవాడని కూడా బోధించాడు. ఫార్వర్డ్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. గ్రూపులో మీ అక్క, మీ బావ ఆ మెసేజిని నమ్మేది దాన్ని ఎవడో రాశాడని కాదు, మీరు పంపారని. మీ పేరే దానికి సాక్ష్యం. చూడనిదానికి సాక్ష్యం ఎలా ఇస్తారు? ఆఖరికి బాబాసాహెబ్ అనని మాటల్ని కూడా ఆయన ఫొటో కింద పెట్టి పంపేవాళ్లున్నారు మనలో! ఆయన రచనల సంపుటాలు తెలుగులోనే దొరుకుతున్నాయి, తిరగేయడానికి బద్ధకం.

బౌద్ధులం కాబట్టి మనకిది అంటదనుకుంటే మయన్మార్ చూడండి. అక్కడ రోహింగ్యాల మీద ఫేస్‌బుక్‌లో విషం చిమ్మినవాళ్లలో చీవరం ధరించినవాళ్లూ ఉన్నారు. 2017 ఆగస్టు నుంచి సైన్యం దాడులకు తాళలేక ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హింసను రెచ్చగొట్టడానికి తన వేదికను వాడుకుంటుంటే తాను చేయాల్సినంత చేయలేదని ఫేస్‌బుక్ 2018 నవంబర్‌లో ఒప్పుకుంది. అదే మెసేజిల్ని పంపుకున్న లక్షలాది ఉపాసకులు ఏమీ ఒప్పుకోనక్కర్లేదా?

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది, వినాలి. "మన గోడు పేపర్లు రాయవు, టీవీలు చూపవు. ఫోన్ కూడా ఆపేస్తే మనకు నోరేదీ?" న్యాయమైన మాటే. 1920లో బాబాసాహెబ్ "మూక్‌నాయక్" పెట్టిందీ నోరులేనివాళ్ల కోసమే. 2016 జనవరిలో రోహిత్ వేముల మాట దేశమంతా చేరడంలో ఈ ఫోన్ల పాత్ర చిన్నది కాదు. కాబట్టి నోరు మూసుకోమని నేను అనను. అయితే మనవాళ్ల మీద జరిగిన నిజమైన దాడిని అబద్ధమని కొట్టిపారేయడానికి అవతలివాళ్లకు మనం పంపిన ఒక్క తప్పుడు ఫొటో చాలు.

అందుకని ఫలానా ఊళ్లో దాడి జరిగిందని మెసేజి వస్తే ముందు ఆ చుట్టుపక్కల మనవాళ్లెవరున్నారో వెతికి ఫోన్ చేయండి. ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు, కేసు పెట్టారా అని అడగండి. దెబ్బలు తిన్నవాళ్ల ముఖాలు, ఆడపిల్లల పేర్లు పంపకండి, వాళ్ల ఇంటివాళ్లు కూడా ఏదో గ్రూపులో ఉంటారు. నిజమని తేలితే మీ పేరు పెట్టి, మీ మాటల్లో రాసి పంపండి. పోలీస్ స్టేషన్‌కు వాళ్లకు తోడుగా ఎవరైనా వెళ్లారో లేదో కూడా కనుక్కోండి.