మొల్ల అవతారిక: వినయోక్తి – విశ్వసనీయత

ప్రాచీన కవుల జీవితాలకు మనకు మిగిలిన ప్రధానాధారాలు కావ్యావతారికలు, ఆశ్వాసాంత గద్యలు. మొల్ల విషయంలో వీటి విలువ మరీ హెచ్చు. ఆమె కేసనసెట్టి తనయ అనీ, గోపవరపు శ్రీకంఠ మల్లేశ్వరుని వరం వల్ల ఆమెకు కవిత్వం అబ్బిందనీ రామాయణమే చెబుతున్నది. ఆ గోపవరం కడప జిల్లా బద్వేలు సమీపంలోనిదని ప్రసిద్ధి. అదే అవతారికలో తనకు దేశ్యపదాలు, సంధులు, సమాసాలు, శయ్యలు, రీతులు తెలియవని కూడా ఆమె చెప్పుకొన్నది. ఒక రచయిత్రి తన కవితావ్యాసంగాన్ని గురించి స్వయంగా ఇచ్చిన వాంగ్మూలాన్ని శంకించవచ్చునా? శంకిస్తే ఆమెను అసత్యవాదినిగా నిలిపినట్లు కాదా? ఈ ప్రశ్న చారిత్రకమే కాదు, నైతికం కూడా.

కావ్యమే ఆ వాంగ్మూలానికి ఎదురుసాక్ష్యం చెబుతున్నది. తెలియవన్న అంశాల పట్టిక శాస్త్రపరిచయం లేనివారు కూర్చగలిగినది కాదు. ఆ నిరాకరణ కూడా ఛందోబద్ధంగానే సాగింది. పూర్వకవిస్తుతిలో సంస్కృతాంధ్ర కవుల పేర్లున్నాయి. తెలుగు కావ్యం వినగానే బోధపడాలనీ, గూఢపదాలు పేర్చితే అది మూగవారికీ చెవిటివారికీ నడుమ సాగే సంభాషణ వంటిదనీ ఆమె నిర్ద్వంద్వంగా చెప్పింది. రెండు మార్గాలూ ఎరిగి ఒకదానిని ఎంచుకొన్నవారి మాట ఇది. గుహుడు రాముని పాదాలు కడిగే ఘట్టం వాల్మీకంలో లేదు. దానిని స్వీకరించడం ఇతర రామకథా సంప్రదాయాలతో ఆమెకున్న పరిచయాన్ని సూచిస్తున్నది.

అయితే వినయోక్తి కావ్యసమయమే కదా అనవచ్చు. నిజమే. రఘువంశారంభంలో కాళిదాసు తనను ఎత్తున ఉన్న పండు కోసం చేయి చాచే పొట్టివానితో పోల్చుకొన్నాడు. అతడు మొదట మందబుద్ధి అన్న కథ లోకంలో ఉన్నా పండితులు దానిని కథగానే చూశారు. కడప జిల్లాలోని ఒంటిమిట్టతో ముడిపడిన పోతన సంగతీ ఇటువంటిదే. రామభద్రుడు సాక్షాత్కరించి భాగవతం తెనిగించమన్నాడని ఆయన చెప్పుకొన్నాడు. గద్యలలో తనది సహజపాండిత్యమన్నాడు. అవతారికలోని ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అని వాదించుకొన్నాం గాని, ఆ మాటలను బట్టి ఆయనకు సంస్కృతం రాదని తీర్మానించలేదు. మొల్ల మాటను మాత్రం అక్షరార్థంలో గ్రహించి, చదువు లేని కుమ్మరి స్త్రీకి దైవికంగా కవిత్వం అబ్బిందన్న కథను స్థిరపరచుకొన్నాం. ఒకే కావ్యసమయానికి రెండు కొలమానాలు వాడాం. ఇక్కడ నమ్మకం గౌరవంలా కనిపిస్తూనే ఆమె శ్రమను, శిక్షణను తుడిచివేసింది.

దీనికి విరుగుడుగా మరొక కల్పనకు దిగడమూ తగదు. కావ్యం ఆమె పాండిత్యాన్ని రుజువు చేస్తుంది గాని, అది అబ్బిన మార్గాన్ని చెప్పదు. గురువు ఎవరో, ఏ గ్రంథాలు చదివిందో ఊహించి చరిత్రగా రాయకూడదు. పురాణశ్రవణం ద్వారానే అబ్బిందనుకొన్నా, శ్రవణం కూడా అధ్యయనమే గనుక అది పాండిత్యానికి లోపం కాదు.

కాబట్టి అవతారికలోని మాటలన్నిటినీ ఒకే తూనికతో తూచరాదు. తండ్రి పేరు చెప్పడం సమాచారం. మల్లేశ్వరుని వరం భక్తివిశ్వాసం. దానిని ఖండించే అధికారం గాని, ధ్రువీకరించే సాధనం గాని పరిశోధకునికి లేదు. నాకేమీ తెలియదనడం సభామర్యాద. ఆ మర్యాదను సమాచారంగా చదివిన తప్పు మనది, ఆమెది కాదు. కనుక ఇక్కడ శంకించవలసింది కవయిత్రి నిజాయితీని కాదు, ఆమె మాటను మనం ఇన్నాళ్లూ చదివిన తీరును. సాహిత్యచరిత్రలలో, పాఠ్యగ్రంథాలలో మొల్ల పరిచయం ఆమె నిరాకరణ పద్యంతో ఆగిపోక, తెలుగు ఎలా ఉండాలో ఆమె చెప్పిన పద్యాన్ని కూడా దాని పక్కన నిలపడం ఈ దిద్దుబాటుకు తొలి మెట్టు.