ఈ మార్కులెవ్వరివి?

పరీక్షాఫలములు వెలువడినప్పుడెల్ల మనదేశమున నొక విచిత్రమైన న్యాయస్థానము కొలువుదీరును. అందు అంకెలు మాత్రమే సాక్ష్యము చెప్పును. ఈ బడి మంచిది, ఆ బడి చెడ్డది. ఈ యుపాధ్యాయుడు సమర్థుడు, ఆతడు సోమరి. ఈ బాలుడు తెలివిగలవాడు, వాడు మందమతి యని తీర్పులు క్షణములో ముగియును. అంకె యబద్ధమాడదని యందఱు నందురు. నిజమే. కాని యది యెవరినిగూర్చి నిజము చెప్పుచున్నదో విచారింపక తీర్పు చెప్పుట ధర్మమా? ఇరువదియేండ్లుగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో అక్షరములు దిద్దించుచున్న మాకీ ప్రశ్న తప్పించుకొన వీలులేనిదైనది.

ఒక తరగతిలోని యిరువురు బాలికలను తలచికొందము. ఒకతె యింటికి వార్తాపత్రిక వచ్చును. తల్లి కథలు చదివి వినిపించును. తెలియనిచో నడిగిన జెప్పువారుందురు. రెండవయామె తలిదండ్రులు కూలివారు. కర్నూలుజిల్లా పడమటి గ్రామములనుండి ప్రతియేటను అనేక కుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరుసీమకు వలసపోవును. బిడ్డ నింట నొంటిగా నుంచలేరు గనుక వెంట దీసికొనిపోదురు. తరగతి యంతయు సంవత్సరాంత పరీక్షకు సిద్ధమగుచున్న దినములలో నాబిడ్డ మిరపచేని గట్టున తమ్ముని నాడించుచుండును. తిరిగివచ్చి పరీక్షలో నూటికి 20 మార్కులు తెచ్చుకొన్నయెడల నవి యెవ్వరివి? మొదటి బాలికకు వచ్చిన 90 మార్కులలో బడి పాలెంత, యింటి పాలెంత?

ఈ ప్రశ్న మనకు మాత్రమే పుట్టినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జేమ్స్ కోల్మన్ అను సామాజికశాస్త్రవేత్త ప్రభుత్వముకొఱకు సుమారు 4,000 పాఠశాలలను, 6 లక్షల విద్యార్థులను పరిశీలించి 1966లో నొక నివేదిక ప్రకటించెను. కట్టడములు, గ్రంథాలయములు, బడికి పెట్టు వ్యయము మున్నగువాని భేదములకంటె, బిడ్డ పెరిగిన యిల్లే మార్కుల భేదములకు ముఖ్యకారణముగా నాతనికి గనబడెను. ఆ నివేదికలో నింకొక మాటయు గలదు. దానిని తరువాత జెప్పెదము.

ఇంటి సంగతి మఱచి మార్కులకే వెలగట్టినచో నేమగునో చరిత్ర చూపినది. ఇంగ్లాండులో 1862లో ఫలితములనుబట్టి ధనసహాయము చేయు పద్ధతి వచ్చెను. చదువుట, వ్రాయుట, లెక్కలు చేయుట యను వీనిలో పరీక్షాధికారి యెదుట నెగ్గిన పిల్లలను లెక్కించి బడికి ధనమిచ్చెడివారు. మన చెన్నపురి రాజధానిలోను ఇట్టి పద్ధతి కొంతకాలము నడచెను. కవియు, పాఠశాలల పరీక్షాధికారియునగు మాథ్యూ ఆర్నాల్డు దీనివలన బోధన యాంత్రికమగుచున్నదని పలుమాఱు మొఱపెట్టెను. ఆ శతాబ్దాంతమునకు ఇంగ్లాండే దానిని విడిచిపెట్టెను. అంకెకు వెలగట్టినచో నుపాధ్యాయుడు పెంచునది యంకెనే.

అయినను ఇచ్చట మాబోంట్ల కొక యపాయము పొంచియున్నది. ఇంటి కొఱతయే కారణమని తేలగానే, ‘మేమేమి చేయగలము? వీరికింతే వచ్చును’ అని చేతులు ముడుచుకొని కూర్చుండుట మిగుల సులభము. ఈ మాట మేము వినియున్నాము, అనియు నున్నాము. ఇది దయవలె వినబడును గాని నిజమునకు తిరస్కారమే. పూర్వము కులము పేర ‘వీరికి చదువబ్బదు’ అన్నవారికిని, నేడు పేదఱికము పేర నామాటయే యనువారికిని ఫలితమున భేదము లేదు.

గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో అయిదవతరగతి పిల్లలలో రెండవతరగతి పాఠమును చదువగలవారు సగముకంటె తక్కువయని 2024 నాటి ‘అసర్’ పరిశీలనము తెలిపినది. కాని ‘ప్రథమ్’ సంస్థవారు ఉత్తరప్రదేశమున పిల్లలను తరగతినిబట్టి గాక, వచ్చిన చదువునుబట్టి జట్లుగా విడదీసి బోధింపగా, కొలదిదినముల శిబిరములలోనే వారు స్పష్టమైన వృద్ధి పొందిరి. వారి యిండ్లు మాఱలేదు, బోధన మాఱినది. కావున ఇల్లు కారణమగుట సత్యమే యైనను, బడి నిరపరాధి యనుట సత్యము గాదు.

బిడ్డ యెచ్చట బయలుదేరెను, ఎంతదూరము నడచెను అని చూచుటయే న్యాయమైన కొలత. ఆ కూలివారి బిడ్డ జూన్‌లో అక్షరములైన గుర్తింపలేక వచ్చి, వలసపోవునాటికి బస్సుమీది యూరిపేరు చదివి తల్లికి చెప్పగలిగినచో, ఆ 20 మార్కులు నిశ్చయముగా నాబిడ్డవి. అందు బడికిని పాలు గలదు.

ఇక కోల్మన్ చెప్పిన రెండవ మాట. పేదబిడ్డ చదువు తోడి విద్యార్థులెవ్వరన్న దానిపై మిక్కిలి యాధారపడునని యాతడు కనుగొనెను. 1964–66 నాటి కొఠారీ సంఘమువారు ఇరుగుపొరుగు పిల్లలందఱు నొక్క బడిలోనే చదువవలెనని సూచించిరి. 2015లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము ప్రభుత్వోద్యోగులు తమ బిడ్డలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపునట్లు చేయవలెనని ఉత్తరప్రదేశ ప్రభుత్వమును ఆదేశించెను. ఆ యాజ్ఞ యాచరణకు రాలేదు.

సుంకము తప్పించుకొన రాత్రియంతయు నడ్డత్రోవల దిరిగిన బండివాడు తెల్లవాఱుసరికి సుంకపు గుడిసెయొద్దకే చేరుటను ఘట్టకుటీప్రభాతన్యాయమందురు. మా విచారమునకును మా గుమ్మముననే తెల్లవాఱినది. మేము ప్రభుత్వ పాఠశాలలో నుపాధ్యాయులము. మా బిడ్డ లిరువురును ప్రైవేటు పాఠశాలలో చదివిరి. వారితో మా యింటి పుస్తకములును, నీళ్ల కుళాయి యేల పాడైనదని యడుగు మా నోరును ఆ పాఠశాలకే పోయినవి. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్యసంఘములో నాలుగింట మూడువంతులు తలిదండ్రులే యుండవలెనన్నది. కాని యడుగ నలవాటుపడినవారు తమ బిడ్డలతో వెడలిపోయిన పిదప, ఆ సంఘమున మిగులువారిలో పెక్కుమంది కూలి మానుకొని రాలేనివారు. ఆ బడిలో పేదలే మిగులుట విధిలిఖితము గాదు. మనము చేసిన పని. చేసి, మార్కులు తక్కువయని నిందించుచున్నాము.

మీ బిడ్డలను మరలించి పంపుడని చెప్పు నధికారము మాకు లేదు, మేమే పంపలేదు. కాని చదువరులు తమ వీథిలోని సర్కారు బడిని నిందించుటకు ముందు ఒక్కపూట యందు గూర్చుండి, ఒక్క బిడ్డచేత నొక్క పుట చదివించి చూడవచ్చును. మేమును సంఘసమావేశములను కూలివారు రాగలిగిన సాయంవేళ జరుపవచ్చును. మార్కుల పట్టిక చదువునప్పుడు అందు మన పాలెంతయో చూచుకొనుట ధర్మము.