కుళ్ళాయి తీయని భక్తుడు

దేవుని ఎదుట నిలిచిన రాజు రాజచిహ్నాలను విడిచినప్పుడే అతని శరణాగతి నిజమవుతుందా అన్న ప్రశ్నకు విజయనగర శిల్పులు లోహంలో చెప్పిన సమాధానం తిరుమల ఆలయంలో, మహాద్వారం దాటగానే కనబడుతుంది. అక్కడ శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) తన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడి చేతులు జోడించి ఉంటాడు; ప్రతిమలపై వారి పేర్లు చెక్కి ఉన్నాయి. రాయల మేనిపై ఉత్తరీయం సైతం లేదు గాని, తలపై కుళ్ళాయి, అనగా శంకువు ఆకారంలో నిలువుగా లేచే పొడవైన టోపీ, అలాగే ఉంది.

పారశీక ప్రపంచపు ఉడుపుల నుండి వచ్చిన ఈ కుళ్ళాయి, దానికి జతగా తొడిగే పొడవాటి అంగీ అయిన కబాయి, విజయనగర కొలువులో హోదాకు గుర్తులు. 1520 ప్రాంతంలో రాయలను చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అతని తెల్లని దుస్తులనూ జరీ టోపీనీ, వాటితోపాటు చెప్పులు లేని పాదాలనూ వర్ణించాడు. గుడిలో కబాయి విడవడం భక్తుని మర్యాద. కుళ్ళాయిని ఉంచడంవల్ల ఆ నమస్కారంలో సింహాసనం కూడా తల వంచుతున్నది. సమర్పించడానికి ఏమీ మిగుల్చుకోనివాని వినయంకంటె ఇది కష్టమైన వినయం. వచ్చేపోయే యాత్రికుల కంట పడడంలో కీర్తికాంక్ష లేదని మాత్రం చెప్పలేము.

అదే కాలంలో, 1524లో, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన శాక్సనీ ప్రభువు ఫ్రెడరిక్ చిత్రంలో పైన వంశచిహ్నాలు, కింది ఫలకంలో క్రీస్తుకు అంకితమన్న లాటిన్ అక్షరాలు ఉన్నాయి. అచ్చుచిత్రం చేతులు మారుతూ మనుషుల మధ్య తిరుగుతుంది గనుక విశ్వాసాన్ని అక్షరాలతో ప్రకటించుకోవలసి వచ్చింది. తిరుమల ప్రతిమ రాజు లేనివేళ కూడా అతని బదులు సేవలో నిలిచేది గనుక జోడించిన చేతులే దానికి చాలాయి.

అయితే రాజు విశ్వాసం, రాజ్యపు విశ్వాసం ఒకటే కానక్కరలేదు. 1513 నుండి పలుమార్లు తిరుమలకు వెళ్ళిన ఈ వైష్ణవుడే, హంపిలో, తన పట్టాభిషేక సందర్భంగా శైవాలయమైన విరూపాక్షుని గుడికి రంగమండపం కట్టించాడు. దానశాసనాల రాగిరేకుల చివర పూర్వరాజుల వలెనే తన పేరుకు బదులు కన్నడ లిపిలో ‘శ్రీవిరూపాక్ష’ అని చేవ్రాలు ఉంచాడు. కులదైవపు పేరే రాజముద్ర అయిన ఆ పద్ధతిని, రాజధాని హంపిని విడిచిన తరువాత, ఆరవీటి వంశపు వేంకటపతిరాయలు ‘శ్రీవేంకటేశ’గా మార్చాడు.