అనుమానం పాపమా?

ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్న దుండిగల్‌లో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే, "ఇంకో పార్టీ రెడీగా ఉంది, టోకెన్ వేసేయండి" అని తొందరపెట్టే బ్రోకరూ తగలొచ్చు. ఓనర్ ఎవరని అడిగితే మొహం మాడ్చుకుంటాడు. అడిగినవారికే తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

ఆ మొహమాటాన్ని ధర్మగ్రంథాలు సమర్థించవు. సొమ్ము దాచమని ఇచ్చేముందు ఆ మనిషి నడవడి చూడమంటుంది మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం. ఖురాన్ రెండో అధ్యాయం అప్పును రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని చెబుతుంది. నాలుగోది అమానతును, అంటే నమ్మి అప్పగించిన సొమ్మును, హక్కుదారుకే అప్పగించమంటుంది. కాగితం అడగడం అవమానం కాదు, ఇద్దరికీ రక్ష.

ఇంటి పన్ను రసీదులో, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో ఒకే పేరుందా? ఓనర్‌ను కలిసి, ఒప్పందం రాసుకున్నాకే అడ్వాన్స్ ఆయన ఖాతాకు పంపాలి. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ వద్దంటుంది, కానీ రాష్ట్రాలు ఆమోదిస్తేనే అది అమలవుతుంది.