నాగలి దిగని నేల మీద సీత

మహారాష్ట్రలో సతారా పట్టణానికి పడమట, సహ్యాద్రి నెత్తిన సుమారు 1200 మీటర్ల ఎత్తులో పరచుకొన్న కాస్ పీఠభూమి, ఏడాదిలో అధికభాగం ఇనుము తుప్పుపట్టి ఎర్రబారిన లాటరైట్ బండగానే పడి ఉండి, శ్రావణం ముగిసి భాద్రపదం ప్రవేశించే వేళకు దిగంతం వరకు పుష్పాచ్ఛాదితమై రూపాంతరం చెందుతుంది. దాదాపు 850 రకాల పూమొక్కలకు ఆశ్రయమై, 2012లో పశ్చిమ కనుమలతోపాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ స్థలంలో, గోరంతైనా లేని ఒక నీలపుష్పాన్ని మరాఠీ జనం ‘సీతేచీ ఆసవే’ అంటారు. సీత కన్నీళ్లు అని దానికి అర్థం. మోకాలు తడిబండకు ఆనించి తల వంచి చూసినవానికి గాని, ఆ పూరేకు మొదట జారడానికి సిద్ధంగా నిలిచిన రెండు తెల్లని మచ్చలు కనిపించవు. పర్ణశాల దగ్గర సీతవాగు ఒడ్డున రంగురాళ్లలో జానకి పసుపుకుంకుమలను దర్శించిన తెలుగువారి భక్తికి ఈ నామకరణం వింతగా తోచదు. మహాదుఃఖాన్ని శిలకూ తృణానికీ పంచిపెట్టి నిత్యస్మరణీయం చేసుకోవడం ఈ దేశపు ప్రాచీన సంస్కారం.

అయితే ఆ కన్నీటి అడుగున ఒక ఆకలి దాగి ఉన్నది. శాస్త్రజ్ఞులు యుట్రిక్యులేరియా అని పిలిచే ప్రజాతికి చెందిన ఆ మొక్క మాంసాహారి. వేళ్లంటూ లేని ఆ అల్పతృణం, తడిమట్టిలోకి దించిన దారపుపోగుల వంటి కాడలకు ఆవగింజ పాటి తిత్తులను ధరించి, తిత్తిలోని నీటిని మెల్లమెల్లగా బయటికి తోడివేసి, గోడలు లోపలికి కుంగేదాకా దానిని రిక్తం చేసి, తలుపు బిగించి నిరీక్షిస్తుంది. మట్టినీటిలో తిరుగాడే సూక్ష్మజీవి ఆ వాకిలిని తాకినంతనే, సెకనులో సుమారు వెయ్యోవంతు కాలంలో, తలుపు లోనికి తెరుచుకొని, నీటితోపాటు ఆ ప్రాణి తిత్తిలో పడి, వాకిలి మళ్లీ మూతపడుతుంది. 1875లో కీటకాహార మొక్కలను గురించి గ్రంథం వెలువరించిన చార్లెస్ డార్విన్ అంతటి సూక్ష్మపరిశీలకుడు సైతం, ఆ ప్రాణి తలతో తలుపు తోసుకొని తానే లోనికి చొరబడుతున్నదని భావించాడు. లోపలి రిక్తతయే దానిని లాగుతున్నదని తరువాతివారు నిర్ధారించారు.

ఆ భ్రమ ఒక్క పండితునిది కాదు, సంసారి ప్రతిదినం పడే భ్రమ అదే. శరీరాన్ని తోలుతిత్తి అని పెద్దలు ఊరకే అనలేదు. రూపం వచ్చి కంటిని పట్టుకొన్నదనీ, ధనం వచ్చి బుద్ధిని లోబరచుకొన్నదనీ, పొగడ్త వచ్చి చెవిలో జొరబడినదనీ వాపోయేవాడు, నేరమంతా వాకిట తచ్చాడిన విషయం మీద మోపి, తిత్తిలోపలి వెలితిని లెక్కలోనికి రానీయడు. అదే పీఠభూమి మీద ‘దవబిందు’ అనే మరొక మాంసాహారి, ఎర్రని నూగు కొనల మీద మిట్టమధ్యాహ్నపు ఎండకు సైతం ఆరని జిగురుబొట్లను మెరిపిస్తూ, మంచుబొట్లని భ్రమించి వాలిన చిన్ని ఈగను తీరికగా చుట్టుకొంటుంది. ఆ మెరుపు కంటికి కనబడేది గనుక, కళ్లు మూసుకొని తప్పించుకొన్నానని సాధకుడు తృప్తి చెందవచ్చు. తిత్తిలోని వెలితి మాత్రం కళ్లు మూసుకొన్నా తన పని మానదు. నీటిని తోడివేసి తలుపు బిగించుకొన్న వేళనే కదా తిత్తికి లాగే బలం చేకూరుతున్నది! ఇంద్రియద్వారాలను మూసినంత మాత్రాన ప్రత్యాహారం సిద్ధించదనీ, మూసిన తలుపు వెనుక కుంగి నిలిచిన కాంక్ష తెరిచిన తలుపు కాంక్షకన్న బలవత్తరమనీ గ్రహించినవాడు, వాకిలికి కాపలా కాయడంతో సరిపుచ్చక, లోపలి వెలితి ఎక్కడిదో విచారించడానికి ఉపక్రమిస్తాడు.

అలాగని ఆకలి అధర్మం కానేరదు. ఆ మొక్కకు ఆకుపచ్చదనం ఉన్నది. బ్రతకడానికి కావలసిన శక్తిని అది సూర్యుని నుండే గ్రహిస్తుంది. పలుచని మట్టిని వానలు కడిగివేయగా మిగలని నత్రజని, భాస్వరం వంటివి మాత్రమే సూక్ష్మప్రాణుల నుండి తీసుకొని, ఆ సారాన్ని సన్నని కాడ వెంట పైకి నడిపించి, పూవుగా విప్పి, కీటకలోకాన్నే ఆతిథ్యానికి ఆహ్వానిస్తుంది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిలో వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి అన్నమే బ్రహ్మమని మొదట తెలుసుకొని, అక్కడ ఆగక, ప్రాణ మనో విజ్ఞానాలను దాటి ఆనందం వరకు ఆరోహించిన క్రమానికి ఈ కాడ అంగుళాల ప్రమాణంలోని ఒక ప్రతిబింబం. భృగువు తొలిమెట్టును నిందించలేదు, అందులో నివాసమూ ఏర్పరచుకోలేదు. ఏమి తీసుకొన్నామన్న దానికన్న, తీసుకొన్నది ఎంత ఎత్తుకు ఎక్కిందన్నదే విచారణీయం. తిత్తిలోనే కుళ్లినది భోగం, కాడనెక్కి పూచినది యజ్ఞం.

మరి ఆ లేమినే తొలగిస్తే? ఎరువు సోకి మట్టి బలిస్తే, ఏపుగా ఎదిగే గడ్డి ఆ నేలను ఆక్రమించి వెలుగును కప్పివేయగా, ఇటువంటి మొక్కలే మొదట అంతరిస్తాయి. దారిద్ర్యమే వాటికి ప్రాకారం. ఆ పూవు పేరులోని సీత అనే మాటకు నాగటిచాలు అని అర్థం. జనకుడు యాగభూమిని దున్నుతుండగా చాలులో లభించిన శిశువు గనుక ఆమెకు ఆ పేరు. ఆమె కన్నీరు పూచిన బండ మీదనో ఏ నాగలీ దిగదు, ఏ చాలూ పడదు. దేహం క్షేత్రమని గీత నిరూపించినది. ప్రతి క్షేత్రంలోనూ పురుషప్రయత్నమనే నాగలి దిగని బండ ఒకటి ఉండనే ఉంటుంది. తీరని కోరిక కావచ్చు, తిరిగిరాని మనిషి కావచ్చు, ఎవరికీ చెప్పుకోలేని ఓటమి కావచ్చు. దానిని వినోదంతోనో వస్తుసంచయంతోనో పూడ్చి పంటభూమిగా మార్చాలన్న తొందరలో, ఆ లేమిలో మాత్రమే పూయగల పూవును చేజేతులా పోగొట్టుకొనేవారే అధికులు. వానలు వెనుదిరిగి బండ ఆరేసరికి ఆ మొక్క ఎండి, తన విత్తనాన్ని పగుళ్లకు అప్పగించి, భూగర్భాన్ని చేరిన మైథిలి వలెనే అదృశ్యమవుతుంది. మళ్లీ వానదాకా అక్కడ కనిపించేది వట్టి బండ. బీడని తలచి దాటిపోయే బాటసారికి, ఏ పగులులో ఏమి దాచినదో ఆ బండ చెప్పదు.